మలుపులో టైరు పట్టు

బొబ్బిలినుండి సాలూరునకు పోవుటకు రెండు దారులున్నవి. ఒకటి ఇనుపపట్టాల దారి. దానిమీద ఏండ్ల తరబడి చిన్న రైలుబస్సు నడచిన సంగతి ఆ ప్రాంతమువారెల్లరు ఎరిగినదే. రెండవది రామభద్రపురము మీదుగా పోవు తారురోడ్డు. రైలుబస్సు నడపువానికి మలుపు తిప్పు పని లేదు. అతని ముందు స్టీరింగు చక్రమే ఉండదు. పట్టా ఎటు వంగిన బండియు అటే వంగును. ఇనుపచక్రమునకు గల వాలును, దాని లోపలివైపు అంచును బండిని పట్టా దాటనీయవు. తారురోడ్డుమీది బస్సునకు అట్టి అంచు లేదు, పట్టా లేదు. నడపువాడు స్టీరింగు త్రిప్పును. ముందుచక్రములు కొంచెము ప్రక్కకు చూచును. అంత పెద్ద బండి, ఏబదిమంది జనముతో, వారి మూటాముల్లెతో, మాలిమియైన ఎద్దువలె ఆ వైపునకు తిరిగిపోవును. దానిని తిప్పినదేది?

స్టీరింగు తిప్పినదనుట చాలదు. నూనె పోసిన నున్నని బండమీద స్టీరింగు ఎంత త్రిప్పినను బండి తిరుగదు. ఇంజను తిప్పినదనుటయు సరి కాదు. ఇంజను ఆపి వాలుమీద దొర్లనిచ్చిన బండియు మలుపు తిరుగును. తిప్పునది రోడ్డు. టైరు అడుగున కొద్దిపాటి మేర నేలనంటి యుండును. ఆ మేరలో నేల టైరును ప్రక్కకు నెట్టును. ఆ నెట్టుట ఎంతవరకు సాగునో దానినే మనము పట్టు అనుచున్నాము.

ఈ పట్టు ఎట్లు పుట్టునో, ఎప్పుడు చాలకపోవునో తెలిసికొనుట సాలూరు దాటిన పిమ్మట ఊరక ముచ్చటకు కాదు. అచ్చట పాచిపెంట మండలమున పి. కోనవలస ప్రాంతమున ఘాటురోడ్డు కొండలలో ప్రవేశించి, సుంకి, పొట్టంగి మీదుగా కొరాపుట్టునకు పోవును. వెనుక 43వ నంబరుగా వ్యవహరింపబడిన ఆ దారి నేడు 26వ నంబరు జాతీయ రహదారి. లారీల ఊరని పేరుపడిన సాలూరు బండ్లును, రాయపూరు వైపు పోవు బరువుబండ్లును, ఒడిశా బస్సులును ఆ మలుపులమీదనే ఎక్కి దిగును. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. నడుమ నేలకు టైరునకు గల పట్టు.

మొదట ఒక వాడుకమాటను సరిచూచుకొందము. మలుపులో బండి మనలను వెలుపలికి విసరివేయునని అందరు అనుకొందురు. కదలుచున్న వస్తువు ఏదైనను తిన్నగానే పోగోరును. బస్సు ఎడమకు తిరిగినప్పుడు ఎడమవైపు కూర్చున్నవాడు కుడివైపు వానిమీద ఒరుగును. అతనిని ఎవ్వరును నెట్టలేదు. అతడు తిన్నగా పోవుచుండగా అతని క్రిందనున్న బస్సు ఎడమకు జరిగినది, అంతియే. ప్రక్కవాని భుజమో, బస్సు గోడయో అడ్డుపడి లోపలికి నెట్టిన తరువాతనే అతడును మలుపు తిరుగును. ఆ బస్సును లోపలికి నెట్టునవి టైర్లు. టైర్లను నెట్టునది నేల. నేల నెట్టుట మానిన క్షణమున బండి ఎచ్చటికిని విసరివేయబడదు. అప్పుడు ఏ దిక్కునకు పోవుచుండెనో ఆ దిక్కునకు తిన్నగా సాగిపోవును. వంగినది రోడ్డు గనుక, తిన్నగా పోయిన బండి లోయ అంచు చేరును.

ఎంత నెట్టవలెను? లెక్క కష్టమైనది కాదు. వేగమును వేగముతో హెచ్చవేసి మలుపు వ్యాసార్ధముతో భాగించి, వచ్చినదానిని బండి ద్రవ్యరాశితో హెచ్చవేయవలెను. నలుగురు మనుషులతో కూడి 1,200 కిలోల బరువుగల కారును తీసికొందము. అది 20 మీటర్ల వ్యాసార్ధముగల కొండమలుపు తిరుగుచున్నదనుకొందము. గంటకు 18 కిలోమీటర్ల వేగమున పోయినచో నేల దానిని సుమారు 150 కిలోల బరువుతో సమానమైన బలముతో లోపలికి నెట్టవలెను. 36 కిలోమీటర్లయినచో 600 కిలోలు. 54 కిలోమీటర్లయినచో 1,350 కిలోలు, అనగా బండి మొత్తపు బరువును మించిన నెట్టు. వేగము రెండింతలైన నెట్టు నాలుగింతలు, మూడింతలైన తొమ్మిదింతలు. వేగము నూటికి 10 పాళ్ళు పెరిగిన, కావలసిన పట్టు నూటికి 21 పాళ్ళు పెరుగును. మలుపులో వేగమును అంచనా కట్టుటలో మన కన్ను పొరబడుటకు ఇదియే ముఖ్యకారణము. కన్ను వేగమును చూచును, టైరు వేగపు వర్గమును మోయును.

ఇంత బలమును మోయు మేర ఎంతటిది? ఒక్కొక్క చక్రముమీద 300 కిలోల బరువున్నదనుకొందము. టైరులోని గాలి ఒత్తిడి పెట్రోలు బంకుల లెక్కలో 32 అనగా, చదరపు సెంటీమీటరునకు సుమారు రెండుంబావు కిలోలు. భాగించి చూచినచో టైరు నేలనంటు మేర సుమారు 133 చదరపు సెంటీమీటర్లు. వ్రేళ్ళు చాచి నేలమీద ఆనించిన చేయంత. నాలుగు చక్రములవి కలిపినను ఒక టైపుకాగితపు వైశాల్యమునకు తక్కువ. భార్యాబిడ్డలతో కూర్చున్న కారు కొండమలుపులో నిలుచునది ఆ కాగితమంత నేలమీద.

ఇక రాపిడి స్వభావమును చూతము. బొబ్బిలి వారికి ఉదాహరణ దూరమున వెదుకనక్కరలేదు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనసకొయ్యతో వీణలు చేయుదురు. వీణకు తంతిని బిగించు బిరడా ఉన్నది గదా, దానిని రంధ్రములో నిలిపి ఉంచునది మేకు కాదు, మర కాదు, రాపిడి మాత్రమే. తంతి బిగువు బిరడాను త్రిప్పజూచును. రాపిడి సరిగా అంత బలముతో దానిని ఆపును. తంతి కొంచెము బిగించినచో రాపిడియు కొంచెము పెరుగును. అడిగినంత ఇచ్చుట దాని గుణము. కాని దానికొక మేర ఉన్నది. ఆ మేర దాటి బిగించినచో బిరడా గిర్రున వెనుకకు తిరిగి శ్రుతి పోవును. పట్టు ఎంత మిగిలియున్నదో బిరడా ముందుగా చెప్పదు. కొయ్య బిరడాకు, రబ్బరు టైరునకు గల భేదము ఇచ్చటనే ఉన్నది. టైరు కొంత ముందుగా చెప్పును. అది ఎట్లో కొంచెము తరువాత చెప్పెదము.

రాపిడి బరువును బట్టి యుండును, అంటు మేరను బట్టి ఉండదు అని 1699లో అమోంతోను, 1785లో కూలుంబును, ఇరువురును ఫ్రెంచివారే, నిర్ణయించిరి. కొయ్యకు, ఇనుమునకు ఈ సూత్రము చాలవరకు చెల్లును. రబ్బరు దీనిని పూర్తిగా పాటింపదు. దానికి కారణము దాని మెత్తదనము. ఎద్దుబండి చక్రమునకు వేసిన ఇనుపపట్టా రాతిని తాకినప్పుడు రెండును గట్టివే గనుక ఒకదాని మిట్ట మరియొకదాని మిట్టను మాత్రము తాకును. రబ్బరు అట్లు కాదు. రోడ్డులోని కంకర మొనలచుట్టు అది ఒదిగి, వాని సందులలోనికి దిగును. అప్పుడు పట్టు రెండు విధముల పుట్టును. రబ్బరును రాయియు అతిదగ్గరగా చేరుటచే ఒకదాని అణువులు మరియొకదానిని అంటిపట్టుకొనును. ఇది మొదటిది. రబ్బరు కంకర మొనమీదుగా జరుగునప్పుడు ముందువైపున నొక్కబడి, వెనుకవైపున వెంటనే పూర్వరూపమునకు రాక ఆలస్యము చేయును. అందుచే ముందువైపు ఎదురుత్రోపు వెనుకవైపు త్రోపును మించును. ఇది రెండవది.

ఈ రెండవదానిని ఇంటిలోనే పరీక్షింపవచ్చును. పిల్లలాడు రబ్బరుబంతిని నేలమీద విడిచినచో చాల ఎత్తునకు ఎగురును. అట్టి రబ్బరు తీసికొన్న శక్తిలో చాల భాగమును తిరిగి ఇచ్చివేయును. పట్టుకు మంచి రబ్బరు అంత ఎగురదు. తీసికొన్నదానిలో కొంత వేడిగా మార్చి తనలోనే ఉంచుకొనును. ఇందుకు తగిన మూల్యము లేకపోలేదు. ఎక్కువ పట్టుగల టైరు కొంచెము ఎక్కువ ఇంధనమును తినును, త్వరగా అరుగును. టైరు చేయువారి నేర్పంతయు ఈ బేరములోనే ఉన్నది. గంధకముతో రబ్బరును కాచి పదునుపెట్టు విధమును 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను. గాలిచక్రమునకు 1845లో థామ్సన్ అను స్కాట్లండువాడు పేటెంటు పొందినను అది మరుగుపడినది. 1888లో బెల్‌ఫాస్టులోని పశువైద్యుడు డన్లప్ దానిని మరల తెచ్చెను. అతడు కోరినది తన కుమారుని మూడుచక్రముల సైకిలునకు కుదుపు తగ్గుట. పట్టు కోరలేదు. కోరనిదే లోకమునకు ఎక్కువ అక్కరకు వచ్చినది.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. మలుపులో చక్రము తాను చూచు దిక్కుననే పోవుచున్నదని మనము తలంతుము. అది నిజము కాదు. ముందుచక్రము చూచు దిక్కు ఒకటి. అది పోవు దిక్కు మరియొకటి. ఈ రెంటి నడుమ ఒక చిన్న కోణముండును. ఇంజనీర్లు దీనిని స్లిప్ యాంగిల్ అందురు, మనము జారుకోణమందము. నెమ్మదిగా పోవు మలుపులో ఇది రెండు మూడు డిగ్రీలకు మించదు, కంటికి ఆనదు. కాని ఈ కోణము లేనిదే ప్రక్కనెట్టు లేదు. ఎటు చూచునో అటే దొర్లు టైరు బండిని ప్రక్కకు ఏమాత్రమును నెట్టజాలదు.

దీని రహస్యము తెలియుటకు టైరు అడుగును సున్నము వేయు కుంచెగా ఊహింతము. టైరు దొర్లుచుండగా ముందువైపున ఒక పోచ క్రొత్తగా నేలనంటును. ఆ క్షణమున అది నిటారుగా ఉండును. దాని కొన నేలకు అంటుకొని కదలక నిలుచును. దాని మొదలు చక్రముతోపాటు కొంచెము ప్రక్కకు సాగును. చక్రము దొర్లినకొలది మొదటికి కొనకు నడుమ ఎడము పెరుగును, పోచ వంగును. వంగిన పోచ నేలను ప్రక్కకు లాగును; నేల అంతే బలముతో పోచను, పోచద్వారా చక్రమును, చక్రముద్వారా బండిని ఎదురువైపునకు లాగును. మలుపు తిప్పు బలము ఇదియే. వెనుకవైపు చేరుసరికి వంపు మిక్కిలి పెరిగి, కొన ఇక నేలను పట్టియుండలేక జారి, తిన్ననై, పైకి లేచిపోవును. నిముసమునకు కొన్నివందలసార్లు చక్రము తిరుగునప్పుడు ప్రతి పోచకును ఇదియే కథ. మలుపులో ఒక్కొక్కప్పుడు టైరు కీచుమని అరచుట వింటిమి గదా. వెనుకవైపు రబ్బరు పట్టుట, జారుట, మరల పట్టుట అను ఈ పని వేగముగా జరుగుటచే పుట్టు ధ్వని అది.

ఈ చిత్రములో గమనింపవలసినది ఒకటున్నది. ముందువైపు పోచలు తక్కువ వంగినవి, వెనుకవైపు పోచలు ఎక్కువ వంగినవి. కావున మొత్తపు నెట్టు టైరు అడుగు నడుమ గాక, నడుమకు కొంచెము వెనుకగా పనిచేయును. అందుచే చక్రము తనంతట తిన్నబడజూచును. మలుపు తిరిగిన తరువాత స్టీరింగు చేతిలో దానంతట అది వెనుకకు మరలుటకు ఇది ఒక కారణము. మలుపులో స్టీరింగు బరువుగా తోచుటకును ఇదియే కారణము. వేగము పెరిగినకొలది జారుకోణము పెరుగును. కోణము పెరిగినకొలది పోచలు త్వరగా వంగి త్వరగా జారును; జారు మేర వెనుకనుండి ముందునకు ప్రాకును. కారు టైర్లు పొడిరోడ్డుమీద సుమారు 6 మొదలు 10 డిగ్రీల కోణమువద్ద తమ గరిష్ఠబలమును ఇచ్చును. ఆ పైని కోణము పెంచినను బలము పెరుగదు, తగ్గనారంభించును.

టైరు ముందుగా చెప్పునంటిమి. అది చెప్పు తీరు ఇది. జారు మేర ముందునకు ప్రాకినకొలది నెట్టుయొక్క కేంద్రమును ముందునకు జరిగి, చక్రమును తిన్నపరచు బలము తగ్గిపోవును. ముందుచక్రముల పట్టు పూర్తిగా పోవుటకు మునుపే స్టీరింగు చేతిలో తేలికయగును. అనుభవముగల డ్రైవరు ఆ తేలికదనమును గుర్తుపట్టి వేగము తగ్గించును. అనుభవము లేనివాడు తిరుగుట లేదని స్టీరింగును ఇంకను త్రిప్పును. ఆరవ డిగ్రీన ఇయ్యగలిగినంత బలమును టైరు ఇరువదవ డిగ్రీన ఇయ్యలేదు గనుక అతని శ్రమ బండిని మరింత తిన్నగా పంపును. అప్పుడు చేయవలసినది దీనికి విరుద్ధము: కాలు యాక్సిలరేటరునుండి మెల్లగా తీసి, స్టీరింగును కొంచెము వెనుకకు వదలవలెను. చెప్పుట సులభమే, ఎదుట లోయ కనబడుచుండగా చేయుట కష్టము. ఇప్పటి పవరుస్టీరింగు బండ్లలో ఈ కబురు చేతికి మందముగా చేరుననియు మరువరాదు.

జారునవి వెనుకచక్రములైనచో రీతి వేరు. బండి తోక వెలుపలికి తిరుగును. తోక ఎటు పోవుచున్నదో స్టీరింగును అటు త్రిప్పి చక్రములకు మరల పట్టు దొరకనీయవలెను. ఖాళీగా దిగు లారీల వెనుకచక్రములమీద బరువు తక్కువ గనుక, తడిరోడ్డుమీద గట్టిగా బ్రేకు త్రొక్కినచో ఈ చిక్కు వచ్చును.

బ్రేకు మాట వచ్చినది గనుక దానిని కొంచెము విపులముగా చెప్పవలెను. ఘాటురోడ్డు ప్రమాదములలో భౌతికశాస్త్రము అన్నిటికంటె నిర్దయగా కనబడునది ఇచ్చటనే. మలుపు తిప్పుటకు ఒక పట్టు, బ్రేకు ఆపుటకు మరియొక పట్టు టైరువద్ద లేవు. ఉన్నది ఒకే పట్టు. దానిని రెండు పనులును పంచుకొనవలెను. ఆ పంపకము తీసివేతల లెక్కను అనుసరింపదు, లంబకోణ త్రిభుజపు లెక్కను అనుసరించును. మొత్తము పట్టు 5 పాళ్ళనుకొనుడు. బ్రేకు 4 పాళ్ళు తీసికొన్నచో ప్రక్కకు మిగులునది 1 పాలు గాదు, 3 పాళ్ళు. ఇది విని సంతోషింపవచ్చును. కాని బ్రేకు ఇంకొంచెము త్రొక్కి 5 పాళ్ళును తీసికొన్నచో మిగులునది సున్న. నాలుగునుండి అయిదునకు పోవునంతలో మూడును చేజారిపోవును. మలుపు నడుమ భయపడి త్రొక్కిన బ్రేకు చేయు పని ఇదియే. చక్రము పూర్తిగా బిగిసి దొర్లుట మానినచో అది ఎటు చూచుచున్నను ఒకటే. రాపిడి బండి జారు దిక్కునకు ఎదురుగా మాత్రమే పనిచేయును, స్టీరింగునకు అర్థమే ఉండదు. చక్రము బిగియకుండ కాపాడు ఏబీఎస్ అను ఏర్పాటు 2019 ఏప్రిలునుండి మన దేశమున క్రొత్త కార్లన్నిటికి విధింపబడినది. అది చక్రమును దొర్లనిచ్చి, స్టీరింగునకు కొంత పట్టు మిగుల్చును. లేని పట్టును అది పుట్టింపజాలదు.

కావున వేగమును మలుపునకు ముందే, బండి తిన్నగా ఉన్నప్పుడే తగ్గించుకొనవలెను. ఏ గేరులో ఎక్కుదువో ఆ గేరులోనే దిగుమని డ్రైవర్లలో వాడుకగా ఉన్న నియమమునకు శాస్త్రము పూర్తిగా తోడ్పడును. ఇంజను బండిని పట్టి ఉంచుటచే బ్రేకులు కాగిపోవు. అయితే ఇంజను పట్టునదియు చక్రములద్వారానే గనుక తడిమలుపులో గేరును హఠాత్తుగా తగ్గించుటయు బ్రేకు త్రొక్కుటవంటిదే. డీజిలు మిగులునని న్యూట్రల్‌లో దిగువారి విషయమున మాకు సానుభూతి లేదు.

ఇక లారీల సంగతి. పై లెక్కలో ఒక విచిత్రము కలదు. బరువు పెరిగినచో కావలసిన నెట్టును పెరుగును, రాపిడియు పెరుగును. కావున జారుటకు బండి బరువుతో పెద్దగా నిమిత్తము లేదు. అట్లయినచో కారు తిరిగిన వేగమున లారీ ఏల తిరుగరాదు? బరువు ఎంత యనుట గాదు, ఎంత ఎత్తున నున్నదనుట ముఖ్యము. ఒకే తూకమునకు ఒక లారీలో గరివిడి మాంగనీసు ఖనిజమును, ఇంకొక లారీలో గోగునార బేళ్ళను ఎక్కింతము. ఖనిజము లారీ అడుగున కొద్ది ఎత్తున సర్దుకొనును. బేళ్ళు క్యాబిన్ను మించి పేర్చబడును. రెండవ లారీ గురుత్వకేంద్రము నేలనుండి 1.8 మీటర్ల ఎత్తుననున్నదనియు, ఇరువైపుల చక్రముల నడుమ ఎడము 1.8 మీటర్లనియు అనుకొన్నచో, బరువులో సగమంత ప్రక్కనెట్టునకే లోపలి చక్రములు నేలను విడుచును. పొడిరోడ్డుమీద టైరు ఇయ్యగల పట్టు దానికంటె ఎక్కువ. అనగా ఆ లారీ జారదు, బోర్లపడును. మంచి పట్టే దానికి శత్రువగును. మన 20 మీటర్ల మలుపులో అట్టి లారీ 36 కిలోమీటర్ల వేగము చేరకమునుపే ఒరిగిపోవును. స్ప్రింగులు కుంగుట, మూటలు జరుగుట కలుపుకొన్నచో ఇంకను ముందే.

కారులోను కొంత బరువు లోపలి చక్రములనుండి వెలుపలి చక్రములమీదికి పోవును. అమోంతో సూత్రము ప్రకారము ఒకటి కోల్పోయినది ఇంకొకటి పొందవలెను. కాని రబ్బరు విషయమున మీది బరువు రెండింతలైన పట్టు రెండింతలు కాదు, కొంత తగ్గును. అందుచే నాలుగు చక్రముల మొత్తము పట్టు మలుపులో కొంచెము తగ్గిపోవును. పైకప్పుమీద సామాను కట్టుకొని కొండ దిగువారికి ఇది పనికివచ్చు విషయము.

వానకాలమున మరల వేరు కథ. పొడి తారురోడ్డుమీద టైరు తనమీది బరువులో సుమారు ముప్పాతిక వంతు పట్టు ఇయ్యగలదు. తడిసిన రోడ్డుమీద అది సగమునకో, అంతకు తక్కువకో దిగును. నీటిపొర రబ్బరును రాతిని అంటనీయదు గనుక మొదట చెప్పిన అణువుల పట్టు పోయి, కంకర మొనలపట్టు మాత్రమే మిగులును. బరువుబండ్లు రుద్ది రుద్ది నున్నగా చేసిన మలుపులలో ఆ మొనలును ఉండవు. టైరుమీద కోసిన గాళ్ళు నీరు ప్రక్కకు పోవుటకు కాలువలు. పట్టు అంతయు ఆ గాళ్ళలోనే ఉన్నదని చాలమంది నమ్ముదురు. పొడిరోడ్డుమీద గాళ్ళు లేని టైరు ఎక్కువగానే పట్టును. పందెపు కార్లకు ఎండలో వాడు టైర్లు పలుచోట్ల బోడివే. హైదరాబాదులో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగరు ఒడ్డున జరిగిన ఫార్ములా ఇ పందెమున మాత్రము ఎండకు వానకు ఒకే రకపు గాళ్ళ టైర్లు వాడిరి. ఆ పందెముల నియమము అట్టిది. మన రోడ్లమీద ఎండ ఏ మలుపులో ముగిసి వాన ఏ మలుపులో మొదలగునో తెలియదు గనుక గాళ్ళు తప్పవు. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదని మన మోటారు నిబంధనలు విధించినవి. గాడి అడుగున అంతే ఎత్తుగల చిన్న మిట్టలు కనబడును. టైరు అరిగి వానితో సమమైనచో మార్చవలసిన కాలము వచ్చినదన్నమాట.

కుండపోతవానకంటె తొలకరి చినుకు మోసకారి. వేసవి అంతయు రోడ్డుమీద చేరిన దుమ్మును, కారిన నూనెయు మొదటి చినుకులతో కలసి జిగురుబురదగా మారును. కొంత సేపు గట్టిగా కురిసినచో అది కొట్టుకొనిపోయి రోడ్డు కొంచెము నయమగును. ఇక మన పల్లెలలో నూర్పిడి కాలమున చోళ్ళు, ఉలవలు, మొక్కజొన్నలు రోడ్డుమీద పరచు అలవాటున్నది. బండ్లు త్రొక్కినచో గింజ రాలును. రైతునకు కళ్ళము ఖర్చు మిగులును. రైతు కష్టము తెలియనివారము కాము. కాని గింజలు టైరు క్రింద గోళీలవలె దొర్లును. రబ్బరు రాతిని తాకనే తాకదు. పట్టు బరువులో మూడుపదవ వంతులకో, ఇంకను తక్కువకో పడిపోవును. తిన్నని రోడ్డుమీద పరచిన గింజకు, మలుపులో పరచిన గింజకు ఎంత భేదమో పై లెక్కయే చెప్పును: మన 20 మీటర్ల మలుపులో కారు పొడిరోడ్డుమీద సుమారు 44 కిలోమీటర్ల వేగమువరకు నిలుచును, తడిలో సుమారు 34, గింజలమీద 28 దాటినచో నిలువదు. ద్విచక్రవాహనముల వారికి ఆ మాత్రము గడువును లేదు. కారు జారినను నాలుగు చక్రములమీద నిలుచును. మోటారుసైకిలు మలుపులోపలికి ఒరిగి ఉండును గనుక చక్రము జారినచో వెంటనే నేలబడును.

రోడ్డు వేయు ఇంజనీరు ఈ విషయములను ఎరిగియే పని చేయును. మలుపులో రోడ్డు వెలుపలి అంచును ఎత్తుచేసి లోపలికి వాలు పెట్టుట మనమందరము చూచినదే. బండి బరువులో కొంత భాగమే దానిని లోపలికి త్రోయును, టైరుమీద భారము తగ్గును. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు నిర్ణయించిన ప్రమాణముల ప్రకారము మంచు పడని కొండరోడ్లలో ఈ వాలు 10కి 1 వరకు ఉండవచ్చును. వాలు ఇంకను ఎందుకు పెంచరాదనగా, నెమ్మదిగా ఎక్కు బరువుబండి లోపలికి ఒరిగిపోవును. మరి టైరు పట్టును ఎంతగా లెక్కకు తీసికొందురు? పొడిరోడ్డు ముప్పాతిక వంతు ఇయ్యగలదంటిమి. వారు బరువులో నూటికి 15 పాళ్ళు మాత్రమే లెక్కింతురు. వాలును, ఈ పట్టును కలిపి మన 20 మీటర్ల మలుపునకు లెక్క కట్టినచో గంటకు సుమారు 25 కిలోమీటర్లు వచ్చును. జడపిన్నువలె తిరుగు మలుపులకు వారి ప్రమాణములలో కనీసపు వేగము 20 కిలోమీటర్లే. పలకమీద ఆ అంకెను చూచి నవ్వుకొను డ్రైవర్లున్నారు. ఆ అంకెకును టైరు నిజముగా ఇయ్యగల పట్టునకును నడుమ విడిచిన ఎడము వారి పిరికితనము కాదు. ఎదురు బండి కనబడి మలుపు నడుమ త్రొక్కవలసి వచ్చు బ్రేకు, అరిగిన టైరు, ఎత్తుగా పేర్చిన బేళ్ళు, తొలకరి బురద, ఎవరో పరచిన చోళ్ళు, ఇవన్నియు వాడుకొనునది ఆ ఎడమునే.